గుల్ల మందు

1. ముసురు

పొద్దుటి నుంచి సన్నటి వాన. మందు గది గోడలు చెమర్చాయి. ఇలాంటి రోజు తుపాకిమందు డబ్బాల మూతలు తీయకూడదు. తడి పీల్చడానికి మూలల్లో పెట్టిన సున్నం బుట్టలు మార్చి, పేల్చేసిన తూటాల ఇత్తడి డొల్లలను చింతపండు నీళ్ళతో తోముతూ కూర్చున్నాను. మెడ దగ్గర పగులు పట్టినవి ఏరి పక్కన పడేశాను. పగిలిన డొల్లని మళ్ళీ వాడితే పేల్చేవాడి మొహం మీదే పేలుతుంది.

మందు గది అని పేరేగాని, ఇది ఒకప్పుడు పెద్ద కంప్యూటర్ల భవనంలో బ్యాటరీలు పెట్టుకున్న గది. ఊరిపేరు సర్వర్లకొండ కూడా అలా వచ్చిందే. సముద్రం ఎక్కి వచ్చినప్పుడు మా అమ్మావాళ్ళు తీరం నుంచి నడిచి ఈ కొండ చేరారట. అప్పటికే భవనం చల్లారిపోయి ఉంది. కంప్యూటర్లు పీకేసిన ఇనప అరల మీద ఇప్పుడు పసుపు కొమ్ములు ఎండుతుంటాయి.

ఊరంతటికీ ఒకటే చిన్న రైఫిలు. పందుల మంద చేల మీద పడినప్పుడు అదే దిక్కు. కొత్త తూటాలు ఎక్కడా దొరకవు. పాత డొల్ల అడుగున నిప్పు రాజేసే క్యాపు గుచ్చి, మందు తూచి పోసి, గుండు బిగించి ఇవ్వడం నా పని. ఆ రైఫిలు పట్టుకునేది మా ఆయన ఎర్నాయుడు. మందు నాది, గురి ఆయనది. పెళ్ళినాటి నుంచీ ఇదే మా కాపురం.

ఈ వేళ ఒంటిది, అదే ఆ ఒంటరి ఏనుగు, ఊరి మీద పడలేదు. వాన రోజు పడదు. దేవుడి దయ.

2. ఎండ

మబ్బు విడిచింది. తలుపులు బార్లా తెరిచి గదికి గాలి ఆడనిచ్చాను. పుల్ల మందు డబ్బా మూత తీసి వాసన చూశాను. మంచి మందుకి కొంచెం ఘాటుగా, స్పిరిట్ లాంటి వాసన ఉంటుంది. పులిసిన వాసన వచ్చి ఎర్రటి పొడి రాలుతుందంటే అది చెడిపోయినట్టే. ఇది బాగుంది. నువ్వుగింజంత పుల్లలు, చేతిలో పొడిపొడిగా జారాయి.

మధ్యాహ్నం చెరువు వైపు డప్పు మోగింది. నేను పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. ఒంటిది వచ్చి చెరువు గట్టుని ఒక మూల తొక్కి బురద చేసింది. నీళ్ళు వాగులోకి పోతున్నాయి. చేపలు ఎండేసే పాక నేలమట్టం. పాక కింద మా ఆయన.

నలుగురం దుంగలు ఎత్తి లాగాం. కుడికాలు మోకాలి కింద విరిగింది. ఆయన అరవలేదు, పళ్ళు బిగబట్టి ఆకాశం వంక చూస్తున్నాడు.

"మావా, నా యేపు సూడు," అన్నాను.

"సూత్తన్నాను," అన్నాడుగాని, చూడలేదు.

పశువుల డాక్టరు జమ్మన్నగారికి కబురంపాం. మనుషులకైనా ఈ చుట్టుపక్కల ఆయనే దిక్కు.

3. ఎండ

జమ్మన్నగారు వెదురుబద్దలు వేసి కాలు కట్టారు. ఎముక అతుకుతుందన్నారు. రెండు నెలలు కాలు కింద పెట్టకూడదట.

ఆయన ఇంకా చేతులు కడుక్కుంటుండగానే మా బావగారు సింహాద్రి వచ్చారు. మా ఆయనకి అన్న, ఊరికి పెద్ద. తమ్ముడి మంచం పక్కన నిలబడి కాలు వంక చూశారు. నన్ను వసారాలోకి పిలిచారు.

"తవిటమ్మా, గట్టి తూటాలు కావాలి. పందులకిచ్చే రకం కాదు. డొల్ల నిండా మందెట్టి ఇయ్యి."

"ఎంత నింపినా అది సిన్న గుండే బావగారూ. పందిని పడేత్తాది. ఏనుక్కి ముల్లు గుచ్చినట్టుంటాది."

"పది ముళ్ళు గుచ్చితేనో?"

"పది పుండ్లవుతాయి. నొప్పికి ఇంకా ఎర్రెత్తిపోద్ది. మందు మితిమీరి పోత్తే ఏనుగు కంటే ముందు మన తుపాకీ పోద్ది."

"మరేటి సెయ్యమంటావు? మొన్న అరిటితోట పోనాది. నిన్న గట్టు పోనాది, నా తమ్ముడి కాలు ఇరిగినాది. రేపు పిల్లల మీదికొత్తే?"

ఆయన అడిగింది తప్పని అనలేను. గదిలోకి వెళ్ళి పుల్ల మందుతో ఓ గుప్పెడు తూటాలు కట్టాను. రైఫిలు ఎంత తట్టుకుంటుందో అంతవరకే పోశాను, ఒక్క పలుకు ఎక్కువ పోయలేదు. నా దగ్గర తూకంరాళ్ళు లేవు. పాత కంసాలి త్రాసు, గురిగింజలు. గురిగింజ అబద్ధం చెప్పదు.

తూటాలు అందుకుంటూ బావగారు, "నీకిది ఇట్టం లేదని తెలుసు," అన్నారు.

"ఒక్కసారి డాట్రుగోర్ని తీసుకెళ్ళి దాన్ని సూసి వత్తాను. అందాక ఆగండి," అన్నాను. ఆయన తూటాలు పంచె కొసన ముడేసుకుని వెళ్ళిపోయారు.

4. ఎండా నీడా

జమ్మన్నగారూ నేనూ తూర్పు బండ మీదికి ఎక్కాం. ఆయనకి అరవై దాటాయి. చేతులు వణుకుతాయి గాని, కొండ మాత్రం నాకంటే ముందు ఎక్కేశారు. అక్కడి నుంచి ఒంటిది కనిపించింది. ముసలిది కాదు, మంచి వయసులో ఉన్న ఆడ ఏనుగు. జీడితోటలో చెట్ల నీడన కదలకుండా నిలబడి ఉంది.

డాక్టరుగారు దుర్బిణి నాకు అందించారు. "మెడ సూడమ్మీ."

మెడకి నల్లటి పట్టీ. అలాంటి పట్టీలని కథల్లో విన్నాను, కళ్ళారా చూడటం ఇదే మొదలు. నేను పుట్టేనాటి దాకా కంపెనీలవాళ్ళు ఏనుగులన్నిటికీ వాటిని కట్టేవారట. ఏనుగు చేల వైపు వస్తే పట్టీ చురుక్కుమని షాకు కొట్టి వెనక్కి తిప్పేది. కంపెనీలు పోయాయి. పట్టీలు విప్పేవాళ్ళూ పోయారు.

"దీనికి సిన్నపిల్లప్పుడు తల్లి పట్టీ లాంటిదే కట్టుంటారు," అన్నారాయన. "ఇది పెరిగినాది. పట్టీ పెరగదు గదా."

పట్టీ మాంసంలోకి దిగిపోయింది. చుట్టూ పుండు. ఈగలు ముసిరి మెడంతా నల్లగా కదులుతోంది. దాహంతో కాబోలు ఒంటిది నీడ దాటి ఎండలోకి అడుగు పెట్టింది. పెట్టిన క్షణంలో ఒళ్ళంతా అదిరింది. తొండం మెడ మీద కొట్టుకుంది, ఘీంకరించి చెట్టుని గుద్దింది. మళ్ళీ నీడలోకి జరిగింది. అదురు ఆగింది.

నేను దుర్బిణి దించాను. పట్టీ పైన అరచేయంత నల్లటి పలక. మా ఇళ్ళ మీద దీపాలకి పెట్టుకున్న పలకల్లాంటిదే.

"ఎండతో నడుస్తంది డాట్రుగోరూ. ఎండ తగిల్తే ఇంకా షాకు కొడతంది."

ఆయన దుర్బిణి తీసుకుని మళ్ళీ చూశారు. "అందుకే ఎండరోజు బురద కోసం పరిగెట్టుకొత్తంది. మెడకి బురద మెత్తుకుంటే పలక మూసుకుపోద్ది. దానికది తెలుసు," అన్నారు.

మేమేమో అది ఊరి మీద పగబట్టిందనుకున్నాం.

5. మబ్బూ ఎండా

జమ్మన్నగారి దగ్గర వాళ్ళ నాన్న వాడిన సూది తుపాకి ఉంది. వెడల్పు గొట్టం. ముందు నుంచి సిరంజి లాంటి బాణం దోపుతారు, వెనక చిన్న డొల్లలో మందు పేలి దాన్ని తోస్తుంది. అదృష్టం ఏమిటంటే మా రైఫిలు డొల్లే దానికీ సరిపోతుంది, గుండు లేకుండా. దాని సొంత తూటాలు ఆయన చిన్నప్పుడే అయిపోయాయట.

"మత్తుమందు నా దగ్గర ఒక్క మోతాదుంది. ఏనుక్కి సరిపోయేదే," అన్నారు. "పడుకోబెడితే పట్టీ కోసెయ్యొచ్చు. తుపాకీలో ఏ మందో నువ్వు తేల్చాలి. నెమ్మదిగా తొయ్యాలి. గట్టిగా తోత్తే బాణం కడుపులోకి దిగి సంపేద్ది. మెత్తగా తోత్తే దారిలో పడిపోద్ది."

పడిపోతే ఉన్న ఒక్క మోతాదూ మట్టిపాలు.

పెరట్లో పెద్ద పనసకాయకి గేదెతోలు చుట్టి వేలాడదీశాను. బాణంలో మత్తుమందుకి బదులు పసుపునీళ్ళు. తుపాకిని దుంగకి కట్టేసి, గోడ చాటు నుంచి తాడుతో లాగాను. కొత్త మందు పరీక్షించేటప్పుడు తుపాకి పక్కన మనిషి ఉండకూడదు.

ముందు పుల్ల మందు. అన్నిటికంటే తక్కువతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాను. మొదటిది తుస్సుమంది, బాణం గొట్టంలోనే చిక్కింది. అంతే మందుతో రెండోది బాగానే పోయింది. అంతే మందుతో మూడోది తుపాకి కట్టిన దుంగనే వెనక్కి తోసింది. ఒకే తూకం, మూడు రకాల దెబ్బలు. ఎందుకో తెలుసు. నెమ్మదిగా మండే మందు అది, డొల్ల నిండుగా ఉంటేనే దానికి తీరు. అడుగున కొంచెమే ఉంటే ఒకసారి క్యాపు దగ్గర ఉంటుంది, ఒకసారి మూతి వైపు జారిపోతుంది. నిప్పు ఒక్కోసారి ఒక్కోలా అందుకుంటుంది. ఇలాంటి ఆటలో తుపాకులు పగిలిన సంగతి నాకీ పని నేర్పిన గురువమ్మ చెప్పేది. అక్కడితో పుల్ల మందు కట్టిపెట్టేశాను.

తరవాత రేకు మందు, పాత పెద్ద తూటాలు విప్పి తీసినది. చప్పున మండుతుంది. ఎప్పుడూ ఒకేలా మండింది, ఆ మేరకి మంచిదే. కాని బాణం పనసకాయలోకి మొత్తం దిగిపోయింది. తగ్గిస్తే డొల్లలో చిటికెడు కూడా లేదు. చిటికెడులో ఒక గురిగింజ తేడా వస్తే జంతువు బతుకూ చావూ తేడా.

పసుపునీళ్ళతో తడిసిన పనస తొనలు పిల్లలు కూడా ముట్టలేదు. డాక్టరుగారు కాయ వంక చూసి, "ఇది ఏనుగైతే సచ్చిపోయేది," అన్నారు.

6. ఎండ

బావగారు ఆగలేదు. ఆయన్ని తప్పుపట్టను. గట్టు తెగి నీళ్ళు సగానికి వచ్చాయి, నారుమడులు నెర్రెలు విచ్చుతున్నాయి. మధ్యాహ్నం ఒంటిది బురదలోకి దిగినప్పుడు ఆయనే రైఫిలు పట్టుకెళ్ళి పేల్చారు. గుండు భుజానికి తగిలింది. ఒంటిది అటు తిరిగి, కనపడిందల్లా తొక్కింది. కొత్తగా పూడ్చిన గట్టు, దాని పక్కన కాలువ తూము, రెండూ పోయాయి. మనుషులు బండల మీదికి ఎక్కి బతికారు.

ఆయన రైఫిలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మిగిలిన తూటాలు కూడా. "నువ్వు సెప్పినట్టే అయినాది," అన్నారు. "నాను మరేటి సెయ్యాలో సెప్పు."

సూది తుపాకికి సరైన మందు ఇంకా తేలలేదు. ఇంటికి వచ్చి మా ఆయనకి జావ కలిపి ఇచ్చాను. పనసకాయ సంగతి, రెండు మందుల సంగతి చెప్పాను. ఆయన గ్లాసు పట్టుకుని వింటున్నాడు.

"ఆ ఏనుగు బతకాలని నీకెందుకే అంత?" అన్నాడు. కోపంగా కాదు, అడిగాడంతే. "నా కాలు సూసినావు గదా."

"సూసినాను. దాని మెడ కూడా సూసినాను."

ఆయన గోడ వైపు తిరిగాడు. ఇటు తిరక్కుండానే చెప్పాడు.

"పాక నా మీద పడినాక అది నా ముందే ఉంది. కాలెత్తినాది. సచ్చిపోనాననుకున్నాను. ఆ కాలు గాల్లోనే ఆపి, నన్ను దాటించి అవతల పెట్టినాది. ఆ నొప్పిలో కూడా నన్ను సూసుకుని నడిసినాది. ఇది ఎవులికీ సెప్పలేదు. సెప్తే జాలిపడి దాన్ని సంపనియ్యరు గదా అని. కాలు మండి అది సావాలనే అనుకున్నాను."

ఆయన చేతిలో గ్లాసు తీసి కింద పెట్టాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"మంచం కింద పెట్టె ఉంది సూడు. పిల్లలకి గురి నేర్పడానికి వాడీవాడిని. గుల్ల మందు."

పెట్టెలో గుడ్డ చుట్టిన డబ్బా. మూత మీద పేరు చెక్కుచెదరకుండా ఉంది. ఆ మందుని నేను ఎన్నడూ లెక్కలో పెట్టలేదు. మెత్తటిది, పందిని కూడా పడెయ్యదు, పిల్లల ఆటకి తప్ప పనికిరాదని ఎప్పుడో ఆయనకి ఇచ్చేశాను. మధ్యలో చిల్లి ఉన్న చిన్నచిన్న గుండ్రని పలుకులు. మరమరాల్లా తేలిక. తూకానికి కొంచెం, చూపుకి బోలెడు. కొద్దిగా పోస్తేనే డొల్ల నిండిపోతుంది, అటూ ఇటూ జారడానికి చోటుండదు.

"మావా," అన్నాను, "ఇన్నాళ్ళూ మంచం కింద పెట్టుకున్నావా దీన్ని."

"నువ్వే కదే పనికిరాదన్నావు," అన్నాడు. కాలు విరిగాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

7. మబ్బు

వాసన చూశాను. శుభ్రంగా ఉంది. డబ్బాలో అడుగుకి వచ్చింది, అందుకని పరీక్షలు పొదుపుగా చేయాలి.

కొత్త పనసకాయ, కొత్త గేదెతోలు. అన్నిటికంటే తక్కువతో మొదలు. బాణం కాయ దాకా పోయి తగిలి కింద పడింది. ఇంకొంచెం. సూది సగం దిగింది. ఇంకొంచెం. సూది మొదలంటా దిగింది, బాణం బయటే వేలాడింది, పసుపునీళ్ళు లోపలికి పోయాయి. అదే తూకం మళ్ళీ కట్టాను. మళ్ళీ అంతే. మరోసారి. మళ్ళీ అంతే! మూడు చిల్లులూ ఒకేలా ఉన్నాయి. డాక్టరుగారు వణికే వేలితో ఒక్కో చిల్లూ తడిమి చూసి, తలపాగా తీసి నెత్తి తుడుచుకున్నారు.

ఇంకో చిక్కుంది. ఎండలో ఒంటిది దగ్గరికి ఎవరూ పోలేరు. వాన రోజే అది నెమ్మదిగా ఉంటుంది. వాన రోజు మందుకి తడి శత్రువు. డొల్లల మూతికి అట్టముక్క దోపి తేనెమైనంతో మూశాను. ఒకదాన్ని తీసుకెళ్ళి చూరునీళ్ళ కింద పెట్టాను. మర్నాడు పొద్దున అది కూడా పేలింది. సూది దిగింది.

ఎవరు పేల్చాలన్న మాట వచ్చింది. డాక్టరుగారి చేతులు వణుకుతాయి. నాకు మందు తెలుసుగాని గురి లేదు. అందరం మా ఆయన మంచం వైపు చూశాం.

"కాలుతో పేల్చను గదా," అన్నాడాయన. "కుర్సీకి కట్టి ఎత్తుకెళ్ళండి."

8. వాన కోసం

వాన లేదు. వానాకాలంలో ఇంత పొడి రోజులు నేను చూడలేదు. ఒంటిది జీడితోట వదలడం లేదు, భుజం గాయం కూడా పుండు పట్టినట్టుంది. దూరం నుంచే దాని వాసన వస్తోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే మనం చంపక్కర్లేదు అన్నారు డాక్టరుగారు.

నారు పాడవకుండా ఆడవాళ్ళందరం ఊటబావి నుంచి కావిళ్ళతో నీళ్ళు మోశాం. బావగారు కూడా మోశారు. ఆయన భుజాలు ఒరుసుకుపోయాయి. వద్దంటే వినలేదు. మోస్తున్నవాళ్ళలో కొందరు గొణిగారు, "ఏనుగు కోసం పొలం ఎండగట్టుకుంటన్నాం" అని. ఆయన కావిడి దించి, "ఏనుగు కోసం కాదు. నాను కాల్చకుండా ఉంటే తూము ఉండేది. ఇది నా వంతు," అన్నారు. మరి ఎవరూ గొణగలేదు.

సాయంత్రం పడమటి కొండ మీద నల్లటి మబ్బు లేచింది.

9. వాన

ఇది వివరంగా రాస్తాను.

తెల్లవారేసరికి సన్నగా మొదలైంది. మబ్బు దట్టంగా ఉంది. ఒంటిది చెరువులోకి దిగి నిలబడి ఉందని కబురు. చెవులు నెమ్మదిగా ఊపుకుంటోందట.

కుర్చీకి రెండు వెదుర్లు కట్టి డోలీ చేశాం. ముందు బావగారు, వెనక ఇద్దరు కుర్రాళ్ళు. గతుకు తగిలినప్పుడల్లా మా ఆయన కాలు నొచ్చి కళ్ళు మూసుకుంటున్నాడు. నేను మైనం మూసిన తూటాలు కొంగులో పొడిగా చుట్టుకుని పక్కనే నడిచాను. డాక్టరుగారు మత్తుమందు నింపిన బాణాన్ని గుండెలకి ఆనించుకుని వచ్చారు, పసిబిడ్డని తెచ్చినట్టు.

గట్టు మీద డోలీ దించాం. ఒంటిది మోకాలి లోతు నీళ్ళలో, మాకు పక్కగా నిలబడి ఉంది. తూటా అందించాను. మా ఆయన గురి చూశాడు, ఊపిరి బిగబట్టాడు, మీట నొక్కాడు.

టిక్కుమంది. అంతే. పేలలేదు.

కుర్రాళ్ళలో ఒకడు ముందుకి వంగబోతే మా ఆయన పెదవులతోనే, "కదలకు," అన్నాడు. తుపాకి దించలేదు, తెరవలేదు. పేలని తూటా ఆలస్యంగా పేలవచ్చు. గొట్టం అలాగే నీళ్ళ వైపు పెట్టి ఉంచాడు. వాన ఆయన కనురెప్పల మీద నుంచి కారుతోంది. మందు తప్పా? నా తప్పా? ఎంతకీ పేలకపోయేసరికి అప్పుడు నెమ్మదిగా తెరిచి తూటా తీశాడు. క్యాపు మీద దెబ్బ లోతుగానే ఉంది. పాత క్యాపు, చచ్చిపోయింది. మందు తప్పు కాదు.

రెండోది ఇచ్చాను. ఆయన నా చేతిని ఒకసారి నొక్కి వదిలాడు.

మెత్తటి చప్పుడు. దగ్గు లాంటిది. బాణం తొడ మీద నిలబడింది, ఎర్రతోక ఊగుతూ.

ఒంటిది ఉలిక్కిపడి గిర్రున తిరిగింది. మమ్మల్ని చూసింది.

"అందరూ కింద కూకోండి," అన్నారు డాక్టరుగారు. ఆ గొంతులో భయం దాన్ని చూసి కాదు. "నీళ్ళలో పడిపోకూడదు. ముక్కు మునిగితే అయిపోద్ది. ఇటే రానీ తల్లీ... ఇటే రా."

అది ఇటే వచ్చింది. నీళ్ళు చిమ్ముకుంటూ గట్టు మీదికి. కుర్రాళ్ళు వెదుర్లు వదిలి వెనక్కి జారారు. మా ఆయన లేవలేడు. నేను కుర్చీ పట్టుకున్నాను. పక్కన చూస్తే బావగారు కూడా వదల్లేదు, తమ్ముడి భుజం మీద చేయి వేసి అలాగే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు.

"అన్నయ్యా, ఎల్లిపో," అన్నాడు మా ఆయన.

"నోరు మూసుకో," అన్నారు బావగారు.

ఒంటిదాని అడుగులు బరువెక్కాయి. తొండం వేలాడిపోయింది. మా ముందు, వెదురు కొస అంత దూరంలో ఆగి, నిద్రొచ్చిన పిల్లలా తూలింది. మొదట వెనకకాళ్ళు వంగాయి. తరవాత మెల్లగా పక్కకి ఒరిగి గట్టుకి ఆనుకుని పడుకుంది. నేల అదిరింది.

అప్పుడందరం ఒక్కసారే పరిగెత్తాం. ముందు పలక మీద తడి గోనె కప్పాం. పట్టీ లోపల ఉక్కుతీగలున్నాయి, రంపం ముక్కలు మార్చి మార్చి కోశాం. బావగారి చేతుల మీద బొబ్బలెక్కి పగిలాయి. పట్టీ తెగినప్పుడు దాని కింద నుంచి వచ్చిన వాసనకి ఇద్దరు వాంతి చేసుకున్నారు. డాక్టరుగారు పురుగులు తీశారు, భుజంలోంచి గుండు తీశారు, మేం బిందెలతో వేపనీళ్ళు పోశాం, పసుపూ నూనే కలిపి మెత్తాం. నేను చెవి వెనక చేయి వేశాను. వేడిగా ఉంది. పెద్ద వెంట్రుకలు, ముళ్ళలా. ఊపిరి వస్తూ పోతూ ఉంది.

"సాలు. అందరూ దూరం పొండి," అని డాక్టరుగారు తేరుకునే మందు చెవి నరంలోకి ఎక్కించారు. ఆ పనికి మాత్రం ఆయన చేయి వణకలేదు.

దూరంగా బండ మీద నుంచి చూశాం. ఎంతకీ లేవలేదు. మా ఆయన నా వేళ్ళు నొప్పెట్టేలా పట్టుకున్నాడు. చెవి కదిలింది. తల ఎత్తింది. ముందుకాళ్ళు కూడదీసుకుని లేచి నిలబడింది. తొండం ఎత్తి మెడ మీద పెట్టుకుంది. తడిమింది. మళ్ళీ తడిమింది, ఆ పక్కా ఈ పక్కా. ఎన్నేళ్ళుగానో అక్కడ ఉన్నది ఇప్పుడు లేదు.

మా వైపు ఒకసారి చూసి, వానలో కొండెక్కి వెళ్ళిపోయింది.

10. ఎండ

రెండు నెలలకి పైగా ఏమీ రాయలేదు. తూము కట్టడం, నాట్లు, ఇంటి పని. మా ఆయన కర్రతో వసారా దాకా నడుస్తున్నాడు. నడిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు మెచ్చుకోవాలని చూస్తాడు.

ఈ వేళ మాడ్చేసే ఎండ. డొల్లలు ఆరబెడుతుంటే డప్పు మోగింది. అలవాటు కొద్దీ అందరం బండల వైపు పరిగెత్తాం. జీడితోటలోంచి ఒంటిది వచ్చింది. నీడ దాటేచోట ఒక్క క్షణం ఆగింది. తొండం ముందుకి చాచి ఎండని తాకి చూసింది. ఒక కాలు పెట్టింది. ఒళ్ళు బిగబట్టి ఉంది, దెబ్బ కోసం చూస్తున్నట్టు. దెబ్బ రాలేదు. రెండో కాలు పెట్టింది. నడి ఎండలో నిలబడింది, అలాగే నిలబడిపోయింది. వీపు మీది దుమ్ము మెరుస్తోంది. నా పక్కన డప్పు కొట్టేవాడు కొట్టడం మానేశాడు.

తరవాత చెరువు దగ్గరికి వచ్చింది. ఏనుక్కి బురద అలవాటు, పుండు మానినా మానదు. కొత్త గట్టు పక్కనే దొర్లింది. గట్టు అంచు కొంచెం జారింది. వెళ్ళిపోయాక అందరం వెళ్ళి చూశాం. బావగారు జారిన మట్టిని కాలితో నొక్కి, కాలువ మిగులునీరు పోయే పల్లం వైపు చూశారు.

"మళ్ళీ వత్తాది. ఇక్కడికి రాకుండా అక్కడ దానికో గుంట తవ్వేత్తే?" అన్నారు. "నీరు ఎలాగూ అటే పోతంది."

"ఎంత లోతు?" అని ఎవరో అడిగారు.

"దాని కడుపు మునిగేంత," అన్నాడు మా ఆయన, కర్ర మీద వాలి. "నాను దగ్గర్నుంచి సూసినాను. నన్నడగండి."

నవ్వులు. ఇళ్ళ వైపు ఒక్కొక్కరే పారలకోసం వెళ్ళారు. మందు గదికి తాళం వేసి నేనూ ఒకటి పట్టుకెళ్ళాను. నేల మెత్తగా ఉంది. పొద్దుగూకేసరికి నడుం లోతు దిగాం.